చాంతాడు అక్కర్లేని చెరువులు

రేషను షాపు ముందు వరుస వీధి మలుపు దాటితే చాలు, ‘కొండవీటి చాంతాడంత ఉంది’ అనేస్తాం. ఆ కొండవీడు పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలో ఉంది. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్తుంటే పడమటి పక్కన కనిపించే కొండల వరుస అదే. అక్కడి బావుల్లో నీళ్లు పాతాళాన ఉండేవట, చేద దించాలంటే బారలకొద్దీ తాడు కావాల్సి వచ్చేదట.

మరి అలాంటి చోట రెడ్డిరాజులు రాజధాని ఎందుకు పెట్టినట్టు? 1323లో ఓరుగల్లు కూలాక ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో రాజ్యం నిలబెట్టాడు. అది మైదానం. దండు వస్తే అడ్డుకునే గట్టు లేదు. అందుకే ఆయన కొడుకు అనవోతారెడ్డి కొండవీటికి మారాడు. వెయ్యడుగుల ఎత్తున్న కొండే సగం గోడ. మిగతా సగం శిఖరం నుంచి శిఖరానికి రాతితో కట్టారు.

నీళ్ల సంగతీ మరిచిపోలేదు. వానకు బండల మీంచి జారే నీటిని పట్టడానికి కొండపైన ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు ఉన్నాయి. నా అనుమానం, సామెతలోని చాంతాడు కొండపైది కాదు, కింద ఊళ్లది. అందుకేనేమో, తర్వాతి కాలంలో ఏలిన పెదకోమటి వేమారెడ్డి రాణి సూరాంబ కింద ఫిరంగిపురం దగ్గర చెరువు తవ్వించింది. ఆ శాసనాన్ని రాసింది సాక్షాత్తూ శ్రీనాథుడు, ఆ కొలువులో విద్యాధికారి.

పెదకోమటి కంటే ముందు ఏలిన కుమారగిరి వసంతోత్సవాలతో ‘కర్పూర వసంతరాయలు’ అనిపించుకున్నాడు. ఆ ఉత్సవాలకు కర్పూరం, కస్తూరి ఓడల మీద తెప్పించిన వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టి. శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చింది ఆయనకే. రాజ్యం సుగంధ ద్రవ్యాలకు అంత ఖర్చుపెట్టిన తీరు చూస్తే, చివరి రాజు రాచవేమన పురిటికి కూడా సుంకం వేశాడన్న కథ నమ్మబుద్ధేస్తుంది. బిడ్డ పుడితే పన్ను! కడుపు మండిన సవరం ఎల్లయ్య అనే బంటు ఆయన్ను పొడిచేశాడంటారు. 1424తో రెడ్ల ఏలుబడి ముగిసింది.

తర్వాత కోట గజపతుల చేతికి పోయింది. శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి 1515 జూన్ 23న పట్టుకున్నాడు. గజపతి కొడుకు వీరభద్రుడు ఇక్కడే చిక్కాడు. గోల్కొండ సుల్తానులు దీన్ని ముర్తజానగర్ అన్నారు. ఫ్రెంచివాళ్లు, ఆపైన ఇంగ్లీషువాళ్లు వచ్చారు. ఫిరంగుల కాలంలో కొండెక్కి కూర్చోవాల్సిన పని లేదు కదా. కచేరీలు గుంటూరు చేరాయి, కోట పాడుబడింది.

ఇప్పుడు ఘాట్ రోడ్డు పడింది. బురుజులు బీటలిచ్చాయి, మంటపాల కప్పుల మీద రావిమొక్కలు లేచాయి. కారు దిగినవాళ్లు ముందుగా చేరేది చెరువు గట్టుకే. వానాకాలమైతే తాడు అక్కర్లేదు, వంగితే దోసిట్లోకి నీళ్లందుతాయి.