వార్తల్లో పదం: శీతల గాలులు

చలికాలంలో కరీంనగర్, ఆదిలాబాద్ వార్తల్లో తరచూ కనిపించే మాట ఇది. చలి వణికించినంత మాత్రాన వాతావరణ శాఖ దీన్ని వాడదు. మైదానాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకు దిగువకో చేరాలి. సాధారణం కన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గాలి. 6.4 దాటి తగ్గితే తీవ్ర శీతల గాలులు. ఏకంగా 4 డిగ్రీలకే పడిపోతే సాధారణంతో పోలిక అక్కర్లేదు.

ఈ ప్రాంతాలకు సముద్రం దూరం. దానికి మబ్బు లేని ఆకాశం, ఉత్తరాది పొడిగాలి తోడైతే నేల రాత్రికి రాత్రే వేడిని వదిలేస్తుంది. థర్మామీటరు నేలకు మీటరు పైనే ఉంటుంది కనుక అది 3, 4 డిగ్రీలు చూపుతున్నా కింద గడ్డిపరకల మీద మంచు గడ్డకట్టవచ్చు.

ఉమ్మడి ఆదిలాబాద్‌లోని సిర్పూర్ (యు) వైపు గూడేల్లో నెగళ్లు తప్పవు. కానీ అంకెలకన్నా ముందు చెప్పాల్సిన జాగ్రత్త ఒకటుంది: తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.