ఒక్క బేస్ గిటారుతో ఎన్ని రకాల సంగీతం?

పాట వింటున్నప్పుడు మనం గాయకుడి గొంతును గుర్తుపడతాం, వయొలిన్లను, ఫ్లూటును గుర్తుపడతాం. వీటన్నిటి కింద నేలలా పరచుకుని వుండే మంద్ర నాదాన్ని మాత్రం చాలామంది పట్టించుకోరు. అది ఆగిపోయినప్పుడు పాట బోలుగా వినిపిస్తుంది. అప్పుడు తెలుస్తుంది అక్కడేదో వుండేదని. ఇళయరాజా స్వరపరచిన పాటల్లో ఏదో ఒకదాన్ని తీసుకుని, గాయకుణ్ణి వదిలేసి కేవలం ఆ మంద్ర నాదం వెంటపడి వినండి. అది వేరే పాటలా తన దారిన తాను నడుస్తుంటుంది. ఆ నాదం పలికించేదే బేస్ గిటారు.

కాలేజీ ఆర్కెస్ట్రాలో బేస్ వాయించే విద్యార్థికి ఒకే సాయంత్రంలో ఒక మెలొడీ, ఒక జానపద గీతం, ఒక రాక్ పాట, మధ్యలో రెగే బాణీ ఎదురవుతాయి. ఆదివారం చర్చి గాన బృందంలో ఇంకో రకం. ఒక్కో సంగీతానికి ఒక్కో వాద్యం కొనే స్తోమత విద్యార్థికి వుండదు. ఇంట్లోవాళ్లను ఒప్పించి ఒక్కసారే కొనగలడు. అది దేనికీ సరిపోనిదైతే ఆ డబ్బు వృథా. దుకాణంలో రంగు చూపిస్తారు, మెరుపు చూపిస్తారు, ఇది ఫలానా చెక్క అంటారు. కాని ఎన్నుకోవడంలో అసలు సాయం చేసేది మీ భౌతికశాస్త్ర పుస్తకంలోని 'తీగల కంపనాలు' అనే పాఠం.

తీగ పొడవు సంగతి

బేస్ గిటారుకు ముందు ఈ పని చేసింది మనిషంత ఎత్తున నిలబడే డబుల్ బేస్. దాన్ని మోసుకు తిరగడం కష్టం, డ్రమ్ముల హోరులో దాని శబ్దం వినిపించడం మరీ కష్టం. 1936 ప్రాంతంలో అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన ఒళ్లో పెట్టుకు వాయించే విద్యుత్ బేస్‌ను తయారుచేశాడు. అది జనంలోకి వెళ్లలేదు. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ తెచ్చిన 'ప్రెసిషన్ బేస్' మాత్రం నిలిచింది. ఫెండర్ మొదట్లో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపినవాడు. డబుల్ బేస్ మీద స్వరస్థానాన్ని వేలు వెతుక్కోవాలి. వీణకు మెట్లున్నట్టు ఫెండర్ తన వాద్యానికి ఫ్రెట్లు అమర్చాడు కాబట్టి స్వరం కచ్చితంగా పలుకుతుంది. ప్రెసిషన్, అంటే కచ్చితత్వం అన్న పేరు అందుకే.

దాని నాలుగు తీగలు సుమారు 41, 55, 73, 98 హెర్ట్జ్‌ల దగ్గర పలుకుతాయి. మామూలు గిటారులోని మందమైన నాలుగు తీగలకంటే సరిగ్గా ఒక స్థాయి కింద, అంటే సగం పౌనఃపున్యం. ఈ సగం ఎలా వస్తుంది? తీగ పౌనఃపున్యం దాని పొడవుకు విలోమానుపాతంలోను, తన్యత వర్గమూలానికి అనులోమానుపాతంలోను, రేఖీయ సాంద్రత వర్గమూలానికి విలోమానుపాతంలోను వుంటుందని చదువుకున్నారు కదా. పొడవు, తన్యత మార్చకుండా పౌనఃపున్యాన్ని సగం చేయాలంటే తీగ బరువు నాలుగు రెట్లు కావాలి. అంత లావు తీగ పొట్టిగా వుంటే కడ్డీలా బిర్రుగా ప్రవర్తిస్తుంది. దాని అనుస్వరాలు రెండు రెట్లు, మూడు రెట్లు అన్న లెక్క తప్పి కాస్త పైకి జరుగుతాయి. శబ్దం మొద్దుబారుతుంది. అందుకే పొడవునూ పెంచాలి. గిటారు తీగ సుమారు 65 సెంటీమీటర్లైతే ఫెండర్ బేస్‌కు 34 అంగుళాలు, అంటే 86 సెంటీమీటర్లు పెట్టాడు. నేటికీ ఎక్కువ బేస్‌ల కొలత ఇదే.

30 అంగుళాల పొట్టి బేస్‌లూ వున్నాయి. బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్నీ వాయించిన హోఫ్నర్ అటువంటిదే. చేతులు చిన్నవైతే అవి హాయిగా వుంటాయి, నాదం గుండ్రంగా వుంటుంది. అయితే మందపు తీగ కొంచెం వదులుగా అనిపిస్తుంది, అన్ని బాణీలకూ అది నప్పదు. ఐదు తీగల బేస్‌లో కిందికి ఇంకో తీగ, సుమారు 31 హెర్ట్జ్‌లది, వుంటుంది. ఈ ఐదో తీగ కోసమే కొందరు తయారీదార్లు పొడవును 35 అంగుళాలకు పెంచుతారు. మొదటిసారి కొనేవారికి నాలుగు తీగలు, 34 అంగుళాలు చాలని నా అభిప్రాయం. ఐదో తీగ లేనందువల్ల వాయించలేని పాటలు తక్కువ.

పికప్ అనే చెవి

అసలు విషయం ఇక్కడుంది. బేస్ గిటారు పలకగానే మనం వినేది చెక్క శబ్దం కాదు. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నటి రాగి తీగచుట్ట వుంటాయి. దీన్నే పికప్ అంటారు. అయస్కాంత క్షేత్రంలో ఉక్కు తీగ కంపిస్తే చుట్టలో అభివాహం మారుతుంది, స్వల్ప విద్యుత్ పుడుతుంది. ఇది 1831లో ఫారడే కనుక్కున్న విద్యుదయస్కాంత ప్రేరణే. ఆ విద్యుత్తే ఆంప్లిఫయరుకు చేరుతుంది. కనుక ఉక్కు తీగలకు బదులు నైలాన్ తీగలు వేస్తే ఈ పికప్‌కు ఏమీ వినిపించదు.

పికప్ తీగ మొత్తాన్ని వినదు. తన నెత్తిమీదున్న చోటునే వింటుంది. ప్రయోగశాలలో సోనామీటరు మీద కాగితపు రైడర్లు పెట్టిన రోజు గుర్తుచేసుకోండి. ప్రస్పందన స్థానంలో పెట్టిన రైడరు ఎగిరి పడుతుంది, అస్పందన స్థానంలో పెట్టింది కదలకుండా కూచుంటుంది. ఆ రైడరు స్థానంలో పికప్‌ను వూహించండి. తీగ ఒకేసారి ప్రాథమిక పౌనఃపున్యంతోను, దాని రెట్లతోను కంపిస్తుంది. బ్రిడ్జి నుంచి తీగ పొడవులో ఆరో వంతు దూరంలో పికప్ వుందనుకోండి. ఆరో అనుస్వరానికి అక్కడ అస్పందన స్థానం వుంటుంది. 41 హెర్ట్జ్‌ల తీగను మీటితే 247 హెర్ట్జ్‌ల దగ్గరుండే ఆ అనుస్వరం తీగలో వున్నా పికప్‌కు దాదాపు వినిపించదు. ఫ్రెట్ మీద వేలు నొక్కితే తీగ పొడవు మారుతుంది, అప్పుడు తప్పిపోయే అనుస్వరమూ మారుతుంది.

బ్రిడ్జికి దగ్గరగా వున్న పికప్ సంగతి వేరు. అక్కడ తీగ కదలికే తక్కువ. ప్రాథమిక స్వరం బలహీనంగా, పై అనుస్వరాలు దానితో పోలిస్తే బలంగా అందుతాయి. నాదం సన్నగా, ముక్కుతో పలికినట్టు, స్పష్టంగా వుంటుంది. బ్రిడ్జికి దూరమయ్యేకొద్దీ అది లావుగా, మెత్తగా మారుతుంది. ఒక బేస్ ఎన్ని రకాల సంగీతానికి పనికొస్తుందన్న ప్రశ్న చాలావరకు దానికి ఎన్ని చెవులున్నాయి, ఎక్కడున్నాయి అన్న ప్రశ్నే.

ప్రెసిషన్ బేస్‌కు ఒకే స్థానంలో పికప్ వుంటుంది. 1957 నుంచి దాన్ని రెండు ముక్కలుగా చేసి, రెండేసి తీగలకు ఒకటి చొప్పున అమర్చారు. దాని నాదం నిండుగా, సూటిగా వుంటుంది. డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థ పాటలకు జేమ్స్ జేమర్సన్ వాయించింది ఈ రకమే. ఆ ఒక్క నాదం ఎన్నో చోట్ల నప్పుతుంది. కాని అది ఒక్కటే. 1960లో ఫెండర్ తెచ్చిన 'జాజ్ బేస్'లో రెండు పికప్‌లున్నాయి, వాటి మధ్య దూరం సుమారు 9 సెంటీమీటర్లు. వెనక పికప్‌ను ముందుకు తెచ్చి వాయించిన జాకో పాస్టోరియస్ బేస్‌ను సోలో వాద్యంగా నిలబెట్టాడు. రెండూ కలిపి మోగిస్తే ఇంకో విశేషం వుంది. కొన్ని అనుస్వరాలకు ముందు పికప్ దగ్గర తీగ పైకి, వెనక పికప్ దగ్గర కిందికి కదులుతుంది. అవి ఒకదాన్నొకటి కొంతవరకు రద్దు చేసుకుంటాయి. మధ్య భాగం తొలిచినట్టుండే ఆ నాదం బొటనవేలితో తీగను కొట్టి వాయించే స్లాప్ పద్ధతికి బాగుంటుంది.

ముందు ప్రెసిషన్ రకం, వెనక జాజ్ రకం పికప్ వున్న బేస్‌లు చాలామంది తయారుచేస్తారు. వాటిని పీ-జే అంటారు. రాక్‌కు ముందుది ఒక్కటే, మెలొడీకి వెనకది కొంచెం కలిపి, ఇలా సర్దుకోవచ్చు. ఒకే ఒక్క వాద్యం కొనేవారికి పీ-జే లేదా రెండు పికప్‌ల జాజ్ రకమే నా సలహా.

వీటికో చిక్కుంది. ఒంటి చుట్ట పికప్ గోడలోని కరెంటు తీగల నుంచి 50 హెర్ట్జ్‌ల గుయ్‌మనే రొదను పట్టుకుంటుంది. బేస్ మందపు తీగ మీద మూడో ఫ్రెట్ దగ్గర పలికే స్వరం 49 హెర్ట్జ్‌లు. అంటే రొద సరిగ్గా మన వాద్యం ఇలాకాలోకే వస్తుంది! ప్రెసిషన్ పికప్‌లోని రెండు ముక్కల్లో చుట్టలూ అయస్కాంతాలూ పరస్పరం వ్యతిరేకంగా వుంటాయి. తీగ సంకేతాలు కలిసి, రొద మాత్రం రద్దవుతుంది. జాజ్ రకంలో రెండు పికప్‌లూ సమానంగా పెట్టినప్పుడు ఇదే జరుగుతుంది, ఒక్కటే పెడితే రొద తిరిగొస్తుంది. పీ-జేలో వెనక పికప్‌ను వాడినంతసేపూ ఎంతో కొంత వుంటుంది.

చేతిలోనూ, తీగలోనూ

అస్పందన స్థానాల సూత్రం మీటే చోటుకూ వర్తిస్తుంది. ఏ అనుస్వరానికి ఎక్కడ అస్పందన స్థానం వుందో అక్కడ మీటితే ఆ అనుస్వరం పుట్టదు. తీగ నడిమధ్య మీటితే సరిసంఖ్య అనుస్వరాలు రావు. అందుకే చెయ్యి బ్రిడ్జి వైపు జరిపితే నాదం కరుకవుతుంది, ఫ్రెట్ల వైపు జరిపితే మెత్తబడుతుంది. అరచేతి అంచును బ్రిడ్జి దగ్గర తీగలకు ఆనించి మీటితే స్వరం వెంటనే ఆరిపోతుంది, పాత డబుల్ బేస్‌ను తలపిస్తుంది. ఇదంతా ఖర్చులేని వైవిధ్యం.

తీగలు మార్చడం తక్కువ ఖర్చు. పైచుట్టు గుండ్రటి తీగతో చుట్టినవి గరుకుగా వుండి మెరిసే నాదమిస్తాయి. బల్లపరుపు పట్టీతో చుట్టినవి నున్నగా, గంభీరంగా పలుకుతాయి. జేమర్సన్ వాడింది రెండో రకం. మొదట గుండ్రటివే తీసుకోండి. గరుకు నాదాన్ని టోన్ మీటతో తగ్గించవచ్చు, లేని మెరుపును తేలేం. ఆ టోన్ మీట వెనక వుండేది ఒక కెపాసిటర్, ఎక్కువగా 0.047 మైక్రోఫారడ్లది. ఎక్కువ పౌనఃపున్యాలను అది భూమికి దారి మళ్లిస్తుంది.

చెక్క గురించి చెప్పే కబుర్లలో చాలావాటిని పక్కన పెట్టవచ్చు. పికప్ స్థానం, తీగలు, చెయ్యి తెచ్చే తేడాల ముందు చెక్క జాతి తేడా చిన్నది. చూడాల్సింది దాని బరువు. నాలుగు కిలోల వాద్యాన్ని మూడు గంటలు భుజాన మోయాలి మరి. ఇక ఫ్రెట్లు లేని బేస్ మీద జారుడు స్వరాలు అందంగా పలుకుతాయి. గమకాల మీద మనసున్న వారికి ఆశ పుట్టడం సహజం. వీణ తీగను మెట్టు మీద పక్కకు లాగినట్టు ఈ మందపు తీగను లాగలేం కూడా. అయినా అది రెండో వాద్యంగా వుంటేనే మంచిది.

స్పీకరు చిన్నదైతే 41 హెర్ట్జ్‌లు దాదాపు రావు. అయినా చిన్న రేడియోలో బేస్ స్వరం మనకు తెలుస్తూనే వుంటుంది. 82, 123, 164 హెర్ట్జ్‌ల అనుస్వరాలు వింటే మెదడు లేని ప్రాథమిక స్వరాన్ని తానే పూరించుకుంటుంది. శ్రుతి తెలుస్తుంది కాని ఛాతీకి తగిలే ఆ బరువు రాదు. డబ్బంతా గిటారుకే పోయకుండా ఆంప్లిఫయరుకూ కొంత వుంచుకోవాలి.

కొనేచోట ఇవి చూడండి. 12వ ఫ్రెట్ సరిగ్గా తీగ మధ్యలో వుంటుంది. అక్కడ తీగను వేలితో తాకీ తాకకుండా మీటి, తర్వాత గట్టిగా నొక్కి మీటండి. రెండు స్వరాలూ ఒకటే కావాలి. నొక్కినప్పటిది ఎక్కువైతే బ్రిడ్జిని కొద్దిగా వెనక్కి జరిపితే సరిపోతుంది, అది లోపం కాదు. తర్వాత సన్న తీగ మీద ప్రతి ఫ్రెట్‌నూ మీటి స్వరం ఎంతసేపు నిలుస్తుందో వినండి. చాలా బేస్‌లలో 5 నుంచి 7వ ఫ్రెట్ల మధ్య ఏదో ఒక స్వరం త్వరగా ఆరిపోతుంది. మెడ కర్ర సహజ పౌనఃపున్యం ఆ స్వరంతో కలిసి, అనునాదంలో శక్తిని లాగేసుకోవడమే కారణం. కొద్దిగా వుంటే సర్దుకోవచ్చు, స్వరం చచ్చిపోతుంటే ఇంకోటి అడగండి. మీటలన్నీ తిప్పి గరగరలాడుతున్నాయేమో వినండి.

1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే తర్వాత లోపలే చిన్న ఆంప్లిఫయరు వున్న 'యాక్టివ్' బేస్‌లు ప్రచారంలోకి వచ్చాయి. వీటిలో మంద్ర, తార భాగాలను తగ్గించడమే కాదు, పెంచనూ వచ్చు. అందుకు 9 వోల్టుల బ్యాటరీ కావాలి. చాలావాటిలో కేబుల్ గుచ్చగానే బ్యాటరీ పనిచేయడం మొదలవుతుంది, పీకేదాకా ఖర్చవుతూనే వుంటుంది. ఇటువంటిది కొనాలనుకుంటే బ్యాటరీ లేకుండా కూడా పలికించే స్విచ్ వుందో లేదో అడిగి, బ్యాటరీ తీయించి, మీ ఎదుటే ఒకసారి మోగించమనండి.