మంచుకొండ మీద దారి చూపేవాడు

పిల్లలూ, మా అనంతపురం సీమలో ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే మంచి ఏడాది. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఇక్కడి పిల్లలకు తెలిసిన మంచు ఒక్కటే: ధనుర్మాసంలో తెల్లవారుజామున కంది ఆకుల మీద మెరిసే బిందువులు.

అలాంటి పిల్లలకు నేనొకసారి తరగతిలో ఒక బొమ్మ చూపించాను. ఆరేడుగురు మనుషులు కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకుని, తెల్లని కొండ మీద వరసగా పోతున్నారు. "వీళ్లందరికీ మంచు మీద జారటం బాగా వచ్చు. అయినా అందరికంటే ముందు ఒక గైడు నడుస్తున్నాడు, చూడండి," అన్నాను.

వెనక బెంచీలో ఒక కుర్రవాడు లేచి, "అన్నీ వచ్చినోళ్లకు మళ్లా గైడెందుకు సార్? ఈతొచ్చినోడికి సొరబుర్ర కడతారా?" అన్నాడు.

పిల్లలంతా నవ్వారు. నాకు మాత్రం ఆ ప్రశ్న చాలా నచ్చింది. దానికి జవాబే ఈ వ్యాసం.

ముందు మంచు సంగతి తెలుసుకుందాం. తెలుగులో మనం మంచు అనే ఒక్క మాటనే చాలా వాటికి వాడుతాము. ఆకు మీది బిందువూ మంచే, ఐసు ముక్కా మంచే, హిమాలయాలలో దూదిపింజల లాగా రాలేదీ మంచే. ఈ రాలే మంచులో ఎక్కువ భాగం గాలి. పది సెంటీమీటర్ల ఎత్తున పడిన కొత్త మంచు కరిగితే ఇంచుమించు ఒక సెంటీమీటరు నీరు మాత్రమే అవుతుంది. అందుచేత దాని మీద అడుగు వేస్తే కాలు మోకాటి దాకా, ఒక్కొక్కప్పుడు నడుము దాకా దిగబడుతుంది.

ఏటి ఇసుకలో బండి చక్రం దిగబడితే మనం ఏం చేస్తాము? కింద పలక వేస్తాము. పలక మీద బరువు పరుచుకుని చక్రం పైకి వస్తుంది. మంచు దేశాలవాళ్లు కాళ్లకు పలకలు కట్టుకున్నది ఈ ఉపాయంతోనే. ఆ పలకలే స్కీలు. స్కీ అన్నది నార్వే దేశపు మాట. పూర్వపు భాషలో దానికి చీల్చిన చెక్క అని అర్థం. 1888లో నార్వే శాస్త్రజ్ఞుడు నాన్సెన్ అయిదుగురిని వెంటబెట్టుకుని స్కీల మీద గ్రీన్లాండు మంచు పీఠభూమిని ఒక తీరం నుంచి రెండో తీరానికి దాటాడు.

స్కీల ఆట రెండు రకాలు. మొదటిది సులభం. తీగెల మీద నడిచే పెట్టెలో కూర్చుని కొండ పైకి పోయి, చదును చేసిన దారిలో కిందికి జారటం. రెండో దానిలో తీగె లేదు, చదును దారి లేదు. తన కాళ్లతో తానే ఎక్కి, మనిషి అడుగు పడని మంచులో దిగాలి. దీన్నే స్కీ యాత్ర అంటారు. మా బొమ్మలోనివాళ్లు చేస్తున్నది ఇదే.

జారే పలకలతో పైకి ఎలా ఎక్కుతారు? మీ ఇంట్లో దూడ ఉంటే దాని వీపు నిమిరి చూడండి. తల నుంచి తోక వైపుకు నిమిరితే చెయ్యి జారిపోతుంది. తోక నుంచి తల వైపుకు నిమిరితే వెంట్రుకలు అడ్డుపడతాయి. పూర్వం స్కీల అడుగున సీలు చర్మం అంటించుకునేవారు. ఇప్పుడు మేకబొచ్చుతోనో నైలానుతోనో చేసిన పట్టీలు అంటిస్తారు. స్కీ ముందుకు జారుతుంది కాని వెనక్కు జారదు. ఎక్కేటప్పుడు మడమ వదులుగా లేస్తూ ఉంటుంది. శిఖరం చేరాక పట్టీలు ఊడదీసి, మడమ బిగించి, కిందికి జారుతారు. నాలుగైదు గంటలు ఎక్కిన కొండను అరగంటలో దిగవచ్చును.

ఇది సరదాగానే ఉన్నది. కాని పైకి పోయిన కొద్దీ గాలి పలచబడుతుంది. మా అనంతపురం పట్టణం సముద్రమట్టానికి 350 మీటర్ల లోపు ఎత్తులో ఉన్నది. 5,500 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండే దానిలో సగమే. తొందరపడి ఎక్కితే తలనొప్పి, వాంతులు వస్తాయి. అప్పటికైనా దిగకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటును రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచవద్దని వైద్యులు చెబుతారు. ఎండ కూడా శత్రువే. కొత్త మంచు తన మీద పడిన వెలుతురులో నూటికి ఎనభై పాళ్లకు పైగా తిరగగొడుతుంది. నల్ల కళ్లద్దాలు లేకపోతే కళ్లు మండి, కొంతకాలం చూపు పోతుంది.

వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం కాలి కిందనే ఉంటుంది. అది తెలియాలంటే మా ఊరి బావి సంగతి చెప్పాలి.

నా చిన్నతనంలో మా ఊళ్లో ఒక రైతు బావి తవ్విస్తున్నాడు. పైన ఎర్రమన్ను, దాని కింద గరుసు, ఆ కింద రాయి. నలుగురు పనివాళ్లు దిగి తవ్వుతున్నారు. వాళ్ల పెద్ద ఒకనాడు బావి గోడలో ఒక పొరను బొటనవేలితో నొక్కి చూసి, "పైకి రండ్రా! ఈ పొర వదులుగా ఉంది. రాతికట్టు కట్టేదాకా ఎవరూ దిగకూడదు," అన్నాడు. రైతుకు కోపం వచ్చింది. కూలి దండగ, నీళ్లు రెండు గజాలలో ఉన్నాయి అన్నాడు. ముసలాయన వినలేదు. వారం రోజులు కట్టు కట్టి, తరవాత తవ్వారు. గోడ కూలిందా అని మీరడుగుతారు. కూలలేదు. ఆ ముసలాయన అన్నది నిజమా, భయమా అని ఊళ్లో చాలాకాలం వాదించుకున్నారు. కాని నలుగురూ సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం తిన్నారు.

మంచుకొండ కూడా ఆ బావి గోడ లాంటిదే. చలికాలంలో మంచు ఒక్కసారిగా పడదు. పడినప్పుడల్లా ఒక పొర. గాలికి కొన్ని పొరలు పలక లాగా గట్టిపడతాయి. చలి ఎక్కువైనప్పుడు లోపలి పొర ఒకటి మారిపోయి, ఒకదానికొకటి అంటని పంచదార పలుకుల లాగా తయారవుతుంది. పైన బరువైన పలక, కింద పంచదార! వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే మనిషి బరువు చాలు. పలక విరిగి, కొండ వాలంతా ఒక్కసారిగా కిందికి ఉరుకుతుంది. దీన్నే మంచుచరియ అంటారు. స్కీ యాత్రికులు చిక్కుకునే చరియలలో చాలా భాగం వాళ్ల బరువుతోనే విరిగినవి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. స్కీలతో జారటానికి మంచి వాలు ఏది? సరిగ్గా ఆ 30 డిగ్రీలు దాటినదే! బాగా జారగలవాడికి దాన్ని చూస్తే కాళ్లు ఆగవు. పైగా అతను అలాంటి వాలు మీద పదిసార్లు జారి ఉంటాడు, ఏమీ జరిగి ఉండదు. "నాకు తెలుసు" అనుకుంటాడు. కాని ఆ పదిసార్లూ అతని తెలివి వల్ల బతికాడో, అదృష్టం వల్ల బతికాడో కొండ అతనికి చెప్పదు. ఈత వేరు, ఏటి సుడి తెలియటం వేరు. జారటం వేరు, మంచు తెలియటం వేరు.

గైడుకు తెలిసినది ఆ రెండోదే. అతను చలికాలం మొదటినుంచి ఏ రోజున ఎంత మంచు పడింది, గాలి ఎటు వీచింది అని గుర్తుపెట్టుకుంటాడు. అనుమానం వస్తే పారతో గొయ్యి తవ్వి, పొరలు చూస్తాడు. గొయ్యి గోడలో ఒక స్తంభం చెక్కి, దాని నెత్తిన పార పెట్టి చేత్తో కొడతాడు. మణికట్టుతో పది దెబ్బలు, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది. తేలిక దెబ్బలకే స్తంభం జారిపోయిందా, ఆ వాలు ఎక్కరాదు. దెబ్బలన్నీ తట్టుకున్నంత మాత్రాన భయం లేదని కూడా అనుకోడు. ఇది ఒక సాక్ష్యం మాత్రమే. ఎండకు మంచు మెత్తబడక ముందే దిగిపోవాలని చీకటితోనే బయలుదేరదీస్తాడు. అనుమానపు చోట ఒక్కొక్కరినే పంపుతాడు. అన్నిటికీ మించి, శిఖరం కనబడుతున్నా "వెనక్కు పదండి" అనగలుగుతాడు.

ఆ మాట వినకపోతే ఏమవుతుందో చెప్పే కథ ఒకటి ఐరోపాలో ఉన్నది. అప్పటికింకా ఆల్ప్స్ పర్వతాలలో స్కీలు వాడుకలోకి రాలేదు. 1820 ఆగస్టులో హామెల్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు గైడ్లను తీసుకుని ఆల్ప్స్ పర్వతాలలో పెద్దదైన మాంట్ బ్లాంక్ ఎక్కబోయాడు. దారిలో వాతావరణం చెడి, కొత్త మంచు పడింది. గైడ్లు దిగిపోదామన్నారనీ, ఆయన పైకే పోదామని పట్టుబట్టాడనీ చెబుతారు. ఎక్కారు. మంచుచరియ విరిగి, ముగ్గురు గైడ్లను హిమానీనదపు పగుళ్లలో పూడ్చేసింది. మరుసటి ఏడు, 1821లో, షామోనీ ఊరి గైడ్లు ఒక సంఘంగా ఏర్పడ్డారు. చనిపోయినవారి కుటుంబాలకు సహాయనిధి పెట్టుకున్నారు. ఆ సంఘం ఈనాటికీ ఉన్నది.

కథ అంతటితో ముగియలేదు. హిమానీనదం కూడా నదే, కాని చాలా మెల్లగా ప్రవహిస్తుంది. ఫోర్బ్స్ అనే శాస్త్రజ్ఞుడు దాని వేగం లెక్కగట్టి, ఆ శరీరాలు సుమారు నలభై ఏళ్లకు కింద బయటపడతాయన్నాడు. 1861లో, 41 ఏళ్లకు, నిజంగానే బయటపడ్డాయి. ఆనాడు బతికి బయటపడిన గైడు ఒకడు, అప్పటికి ముసలివాడు, వాటిని చూసి తన తోటివారిని గుర్తుపట్టాడు.

మన దేశంలో స్కీలకు పేరుపొందిన చోటు కాశ్మీరులోని గుల్మార్గ్. అది 2,650 మీటర్ల ఎత్తున ఉన్నది. 1948లో సైన్యం అక్కడ స్కీ పాఠశాల పెట్టింది. ఈనాటి ఎత్తైన కొండల యుద్ధ విద్యాలయం దానినుంచి పెరిగినదే. దాని పైనున్న అఫర్వత్ కొండ మీదికి ప్రపంచం నలుమూలలనుంచి స్కీలవాళ్లు వస్తారు. అక్కడ 2023లో ఇద్దరు పోలండు దేశస్థులు, 2024లో ఒక రష్యా దేశస్థుడు మంచుచరియల కింద మరణించారు. మంచుచరియల హెచ్చరికల కోసం మన రక్షణ పరిశోధన సంస్థ 1969లో మనాలీలో ఒక కేంద్రం పెట్టింది. 2020లో దానిని ఇంకొక ప్రయోగశాలతో కలిపి చండీగఢ్ కేంద్రంగా నడుపుతున్నారు.

మంచు మనకు దూరపు సంగతి అనుకోకండి. నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలను 172 రోజులలో ఎక్కాడు. అంతటి అనుభవశాలి 2015లో ఆండీస్ పర్వతాలలో ప్రాణాలు విడిచాడు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున కాపలా ఉన్న పదిమంది సైనికుల మీద మంచుచరియ పడింది. ఆ పదిమందిలో అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లె వాడైన ముస్తాక్ అహ్మద్ ఒకడు. పెద్ద కొండలు ఎవరి అనుభవాన్నీ చూసి తప్పుకోవు.

ఇక మన కుర్రవాడి ప్రశ్నకు రెండో సగం మిగిలింది. గైడు ఉన్నాడు గదా, అలాంటప్పుడు ఏమీ రానివాళ్లను కూడా తీసుకుపోరాదా? కూడదు. చరియ గైడును కూడా పూడ్చవచ్చును. ప్రతి యాత్రికుడి ఒంటి మీదా సంకేతాలు పంపే చిన్న రేడియో యంత్రం, చేతికి పొడుగాటి గుచ్చు కడ్డీ, పార ఉంటాయి. పూడిపోయిన మనిషిని పది పదిహేను నిమిషాలలో తవ్వి తీస్తే చాలామంది బతుకుతారు. అరగంట దాటితే ఆశ చాలా తగ్గిపోతుంది. ఊరినుంచి సహాయం వచ్చేలోగా ఆ సమయం గడిచిపోతుంది. తవ్వవలసినది పక్కనున్నవారే. గైడు ప్రాణం కూడా శిష్యుల చేతిలో ఉంటుందన్నమాట.

మంచు లేకపోయినా ఈ విద్యను మీరు ఇంట్లో పరీక్షించవచ్చును. ఒక చెక్క పలక మీద తడి బంకమట్టిని రొట్టెలాగా పరిచి, పలకను ఒక పక్క మెల్లగా ఎత్తండి. మట్టి అంటుకుని ఉంటుంది. ఇప్పుడు మట్టి తీసేసి, అమ్మనడిగి గుప్పెడు రాగులు తెచ్చి పలక మీద చల్లండి. వాటిమీద మరొక మట్టి రొట్టె పెట్టి మళ్లీ ఎత్తండి. ఎన్ని డిగ్రీల దగ్గర జారిందో కోణమానినితో కొలిచి రాసుకోండి. పైనుంచి చూస్తే రెండు రొట్టెలూ ఒకటే! తేడా అంతా కంటికి కనిపించని పొరలో ఉన్నది. పరీక్ష అయ్యాక రాగులు కోళ్లకు వెయ్యండి, పారెయ్యకండి.

ఆనాడు తరగతిలో ఆ కుర్రవాడు ఇదంతా విని, "అయితే సార్, వెనక్కు తిరిగొచ్చిన రోజు గైడు చెప్పింది నిజమో కాదో ఎట్లా తెలుస్తాది?" అన్నాడు.

"తెలియదు, నాయనా. తెలియకుండానే అందరూ ఇంటికి వచ్చి అన్నం తింటారు," అన్నాను.