కారు కుదుపు – లోలకము చెప్పు పాఠము

నా మిత్రుడొకడు, ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు, ఇటీవల వాడిన కారునొకదానిని కొన్నాడు. అది వేగమునకు, మలుపులలో పట్టునకు పేరుపడిన రకము. మొదటి యజమాని దానికి పెద్ద చక్రములు వేయించి, స్ప్రింగులలో ఒక్కొక్క చుట్టు కోయించి కారును క్రిందికి దింపించినాడు. చూచుటకు బాగుగనే ఉన్నది. కాని విజయవాడనుండి కృష్ణ కరకట్ట వెంబడి అవనిగడ్డకు తల్లిని తీసికొనిపోగా, ఆమె దిగుచునే, “ఒరే అబ్బాయీ, నడుము పట్టేసిందిరా. తిరిగి వచ్చేటప్పుడు నేను బస్సెక్కుతా” అన్నదట. ప్రతి నెల ఆమెను వైద్యునికి చూపింపవలసినవాడు గనుక మిత్రునికి దిగులు పట్టుకొన్నది. టైర్లలో గాలి తగ్గించమని ఒకరు, కారునే అమ్మివేయమని మరొకరు సలహా చెప్పినారు. భౌతికశాస్త్రము ఏమి చెప్పునో చూతము.

ముందుగా రోడ్డు సంగతి. కృష్ణా డెల్టాలోని నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. ఇట్టి నేలపై వేసిన రోడ్డు ఏటేట కొంత లేచి కొంత కుంగి, అలలవలె అగును. ఈ అలలు ఒక విధమైన కుదుపును, గుంటల అంచులు, వంతెనల అతుకులు మరొక విధమైన కుదుపును కలిగించును. ఈ రెండింటికి మందు ఒకటి కాదు.

స్ప్రింగు ఎంత బరువు మోసిన అంత కుంగునని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన నియమము విద్యార్థు లెరిగినదే. కారు బరువునకు స్ప్రింగు ఎంత కుంగునో అంత పొడవుగల లఘులోలకము ఎంత కాలములో ఊగునో, కారు కూడ అంత కాలములోనే పైకి క్రిందికి ఊగును. 25 సెంటీమీటర్ల లోలకము సుమారు ఒక సెకనుకు ఒక డోలనము చేయును. మెత్తని కార్ల తీరు ఇది. 11 సెంటీమీటర్లదైన సెకనుకు ఒకటిన్నర, 6 సెంటీమీటర్లదైన రెండు డోలనములు చేయును. పందెపు పోకడగల గట్టి కార్లు ఈ చివరిదానికి దగ్గరగా ఉండును.

మనము నడచునప్పుడు సెకనుకు సుమారు రెండడుగులు వేయుదుము. కావున సెకనుకు ఒకటి, ఒకటిన్నర డోలనములు శరీరమునకు అలవాటైనవే. అర డోలనమునకు తగ్గిన పడవలో వలె తల తిరుగును. సెకనుకు 4 నుండి 8 వరకుగల నిలువు కంపనములు మాత్రము కూర్చున్నవారిని ఎక్కువగా బాధించును. సుఖమనగా మెత్తదనము కాదు. కంపనముల పౌనఃపున్యమును ఈ హద్దులకు దూరముగా ఉంచుట.

రోడ్డు అలలు 15 మీటర్ల కొకటి చొప్పున ఉన్నవనుకొందము. గంటకు 54 కిలోమీటర్ల వేగమున, అనగా సెకనుకు 15 మీటర్లు పోవు కారుకు సెకనుకు ఒక అల తగులును. స్ప్రింగుల సహజ పౌనఃపున్యము కూడ అదే అయినచో అనునాదము కలిగి ఊపు పెరుగును. వేగమును కొంచెము మార్చిన ఊపు తగ్గుట డ్రైవర్లెల్లరకు అనుభవమే.

ఈ ఊపును అణచునది షాక్ అబ్జార్బరు. దానిలో నూనె సన్నని రంధ్రములగుండ దూరుచు, డోలన శక్తిని వేడిగా మార్చును. అణచివేత చాలనిచో కారు ఊగుచునే ఉండును, చక్రము నేలను వదలును; మితిమీరినచో ప్రతి గతుకును తిన్నగా సీటునకు చేర్చును. కావున మంచి షాక్ అబ్జార్బరు సుఖమునకు, భద్రతకు కూడ ఆధారము. నూనె కారుచున్నదానిని మార్చక తప్పదు.

స్ప్రింగును కోసిన అది మెత్తబడునని కొందరి భ్రమ. ఆరు చుట్లలో ఒకటి కోసిన మిగిలినది 1.2 రెట్లు గట్టిపడును. అంతకంటె పెద్ద నష్టము మరొకటి: చక్రము పైకి పోవుటకు చోటు తగ్గి, పెద్ద గుంటలో స్ప్రింగు చివరనున్న రబ్బరు దిమ్మెకు ఠపీమని తగులును. నడుము పట్టివేయుట కదియు ఒక కారణమే.

ఇక టైరు. నేలకు కారుకు నడుమ మొదటి స్ప్రింగు అదియే. మిత్రుని కారుకున్నవి 225/40 ఆర్ 18 టైర్లు. వీని ప్రక్కగోడ ఎత్తు 225 మిల్లీమీటర్లలో నూటికి 40 వంతులు, అనగా 90 మిల్లీమీటర్లు. కారు తయారైనప్పు డున్నవి 205/55 ఆర్ 16. వీని గోడ 113 మిల్లీమీటర్లు. మొత్తము చక్రపు వ్యాసము 637కు బదులు 632 మిల్లీమీటర్లగును గనుక వేగమాపకము ఇంచుమించు సరిగానే చూపును. గుంట అంచు కొట్టు పదునైన దెబ్బను మ్రింగుటకు 23 మిల్లీమీటర్ల గాలిగోడ అదనముగా లభించును. రిమ్ములు వంగుటయు తగ్గును.

గాలి విషయమున ఊహాగానము పనికిరాదు. తలుపు చట్రముపై అంటించిన పట్టికలోని అంకెయే ప్రమాణము. దానిని ఉదయమున, టైర్లు చల్లగా ఉండగా చూడవలెను. 25 డిగ్రీల వద్ద 32 పౌండ్లున్న టైరు 45 డిగ్రీలకు వేడెక్కిన సుమారు 35 పౌండ్లు చూపును. అది చూచి గాలి తీసివేసినచో చల్లారిన తరువాత గాలి చాలదు. అట్టి టైరు పరుగులో ఎక్కువగా నలిగి, వేడెక్కి, పగులవచ్చును. సుఖముకొరకు ప్రాణమును పణముగా పెట్టరాదు.

మా మిత్రుడు కొలిచి చూడగా టైర్లలో 38 పౌండ్లున్నవి, పట్టికలో 32. ఆ సవరణకు ఖర్చు లేదు. తరువాత పాతరకపు చక్రములు, కోయని స్ప్రింగులు వేయించి, కారుచున్న వెనుక షాక్ అబ్జార్బర్లను మార్పించినాడు. మలుపులలో వెనుకటి చురుకుదనము కొంత తగ్గినదని అతడే ఒప్పుకొన్నాడు. అదే కరకట్టపై మరల అవనిగడ్డకు పోయి వచ్చిన తల్లి, “గతుకు తెలుస్తోంది గాని, నడుములో గుచ్చడం లేదురా” అన్నది. బస్సు మాట ఎత్తలేదట.

ఉపాధ్యాయులు 25, 11, 6 సెంటీమీటర్ల దారములకు చిన్న రాళ్లు కట్టి తరగతిలో ఊపి చూపవచ్చును. మూడు దారములు, మూడు రకముల కార్లు! ఏది ఎక్కి బందరు పోదురో విద్యార్థులనే అడుగుడు.