హైపర్‌బారిక్ ఆక్సిజన్ చికిత్స: చెవి నొప్పిని ఓర్చుకోవద్దు

ఎంతకీ మానని మధుమేహ పాదపుండ్లకు, రేడియేషన్‌తో దెబ్బతిన్న కణజాలానికి, కార్బన్ మోనాక్సైడ్ పీల్చినవారికి ఈ చికిత్స చేస్తుంటారు. మూసిన గదిలో గాలి పీడనాన్ని మామూలు కంటే రెండు, రెండున్నర రెట్లకు పెంచి స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. ఇందులో తరచుగా ఇబ్బంది పడేది మధ్య చెవి.

అపోహ: పీడనం పూర్తిగా పెరిగాకే చెవికి ముప్పు.

వాస్తవం: మొదటి నిమిషాలే కీలకం. పీడనం రెట్టింపయ్యేసరికి కర్ణభేరి వెనకున్న గాలి సగానికి కుంచించుకుపోతుంది. ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే యూస్టేషియన్ నాళం తెరుచుకుని ఆ లోటు పూడ్చాలి. లేదంటే కర్ణభేరి లోపలికి గుంజుకుపోతుంది. వాపు, రక్తస్రావం, అరుదుగా చిల్లు పడటం ఆ తర్వాతి మెట్లు.

అపోహ: విమానం దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేయడం లాంటిదే.

వాస్తవం: సూత్రం ఒకటే, మోతాదు వేరు. విమానం దిగేటప్పుడు క్యాబిన్‌లో పెరిగేది వాతావరణ పీడనంలో సుమారు పావు వంతు. చికిత్స గదిలో 2.4 రెట్ల పీడనమంటే సముద్రంలో 14 మీటర్ల లోతుకు దిగినట్టు.

అపోహ: నొప్పి పుడితే ముక్కు మూసుకుని గట్టిగా ఊదితే సరి.

వాస్తవం: నొప్పి పుట్టేదాకా ఆగకూడదు. మొదటి నుంచే గుటకలు వేయాలి, ఆవులించాలి, దవడ ఆడించాలి. ముక్కు మూసి ఊదినా మెల్లగానే. బలం ప్రయోగిస్తే లోపలి చెవి పొర చిరిగి వినికిడి తగ్గవచ్చు, తల తిరగవచ్చు.

అపోహ: చెవిలో దూదో, ఇయర్ ప్లగ్గో పెట్టుకుంటే రక్షణ.

వాస్తవం: దూది పీడనాన్ని ఆపలేదు. బిగుతైన ప్లగ్ వెనక గాలి చిక్కుకుని కొత్త గాయం కావచ్చు.

అపోహ: జలుబున్నా ముక్కులో చుక్కలు వేసుకుని వెళ్లవచ్చు.

వాస్తవం: జలుబుతో నాళం వాచిపోతుంది. చుక్కలు అందరికీ పనిచేస్తాయన్న భరోసా లేదు. ముందే డాక్టరుకు చెబితే, అత్యవసరం కానప్పుడు వాయిదా వేస్తారు. స్పృహ లేనివారికి, పదేపదే చెవి దెబ్బతినేవారికి కర్ణభేరిలో సన్నని గొట్టం అమర్చే వీలుంది.

అపోహ: ఒకసారి మొదలుపెడితే మధ్యలో ఆపరు, ఓర్చుకోవాల్సిందే.

వాస్తవం: పీడనాన్ని అక్కడే నిలపవచ్చు, కాస్త తగ్గించి మళ్లీ నెమ్మదిగా పెంచవచ్చు. మీ చెవి సంగతి బయటున్న ఆపరేటరుకు మీరు చెబితేనే తెలుస్తుంది. దిబ్బడ వేసినట్టు అనిపించగానే మొహమాటపడకుండా “ఆపండి” అనండి.