పసుపుపచ్చని బుట్టమిరప

మిరపకాయ యనగానే మనకు జ్ఞప్తికి వచ్చునది కారము. కారము లేని మిరపకాయయు ఒకటి కలదు. అదియే బజారులో క్యాప్సికమను పేర అమ్ముడగు బుట్టమిరప. కారమునకు మూలమైన క్యాప్సైసిన్ ఇందు తయారు కాదు. ఆకుపచ్చగా నున్నది ముదరని కాయ. పండినపుడు రకమును బట్టి ఎఱ్ఱగానో, పసుపుపచ్చగానో మారును.

పసుపుపచ్చనిదానికి వెల హెచ్చు. ఆ వెలకు తగిన ఫలము కలదా యని గృహిణులు అడుగుట న్యాయమే. నూరు గ్రాముల కాయలో సుమారు 92 గ్రాములు నీరే. మాంసకృత్తులు 1 గ్రాము. శక్తి 27 కేలరీలు. కాని సి విటమిను మాత్రము సుమారు 180 మిల్లీగ్రాములు! ఆకుపచ్చ కాయలో నున్నది 80 ప్రాంతమే. 2020లో మన దేశమున నిర్ణయించిన ప్రమాణముల ప్రకారము దినమునకు పురుషునకు 80, స్త్రీకి 65 మిల్లీగ్రాములు చాలును. సగము కాయ పచ్చిగా తినినను ఆనాటి అవసరము తీరును.

మిరపజాతి యీ గుణముచేత శాస్త్రచరిత్రకే ఎక్కినది. హంగరీ దేశపు సెగెడ్ నగరమున ఆల్బర్ట్ సెంట్ జ్యోర్జి అను శాస్త్రజ్ఞుడు 1930 తరువాతి యేండ్లలో అచటి పాప్రికా మిరపకాయల నుండి సి విటమినును విస్తారముగా వేరుచేసెను. 1937లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

ఈ విటమిను చేయు మేలులలో ఒకదానిని మేము ప్రత్యేకముగా చెప్పదలచితిమి. ఆకుకూరలలో, పప్పులలో నున్న ఇనుము సులభముగా ఒంటబట్టదు. అదే భోజనములో సి విటమిను చేరినచో మరికొంత ఒంటబట్టును. రక్తహీనతతో నీరసించు స్త్రీలు, బిడ్డలు మన యిండ్లలో అరుదు కాదు గదా!

రంగును చూచి మాత్రము భ్రమపడరాదు. క్యారెట్టువలె ఇందును ఎ విటమిను మెండుగా నుండునని కొందరు తలంతురు. ఇందలి పసుపు చాలవరకు ల్యూటీన్ మొదలగు వర్ణకములది. అవి శరీరమున ఎ విటమినుగా మారవు. బిడ్డల కంటిచూపునకు మునగాకు, క్యారెట్టు పెట్టుట మేలు.

సి విటమిను వేడికి నశించును, నీటిలో కరగిపోవును. కావున కాయను కడిగిన పిదప తరుగవలెను. ముక్కలను పెరుగుపచ్చడిలో పచ్చిగా కలుపవచ్చును. లేదా పప్పు దింపబోవునపుడు వేయవచ్చును.

ఇంత వెల పెట్టలేనివారు చింతింప పనిలేదు. మన జామపండు సి విటమినులో దీనికి తీసిపోదు. ఏది కొనినను, దానిని పప్పన్నముతోడనో ఆకుకూరతోడనో కలిపి తినుడని మా మనవి.