గాజుతొట్టిలో రొయ్య సాక్ష్యము

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మొదలు ముత్తుకూరు, చిల్లకూరు, కోట, వాకాడు మీదుగా దక్షిణమునకు సాగు తీరమున, తెల్లవారుజామున ఏరియేటర్ల చప్పుడు వినరాని గ్రామము అరుదు. పగలెల్ల సూర్యకాంతిలో ఆక్సిజన్‌ను విడిచిన సూక్ష్మశైవలములే రాత్రివేళ రొయ్యలతో పాటు దానిని పీల్చుకొనుటచేత, వేకువకు ముందు గుంటలోని ప్రాణవాయువు కనిష్ఠస్థితికి దిగునని, ఆ కొద్ది గంటలు ఏమరినచో పంట చేతికి రాదని, బడిముఖము చూడని రైతు సైతము ఎఱుగును. అట్టి రైతు ఇంటనే, పిల్లలు ముచ్చటపడి పట్టణమునుండి తెచ్చిన బెట్టా చేప, ఊరగాయ జాడీకి మించని గాజుపాత్రలో, గాలిగొట్టమైనను లేకయే నెలల తరబడి బ్రదుకుచుండుట చూడవచ్చును. గుంటగట్టున అంతగా పనికివచ్చిన జ్ఞానము గాజుపాత్ర దగ్గఱకు వచ్చుసరికి మఱుగుపడుటకు కారణము ఆ చేపయొక్క ఓర్పే.

బెట్టా సయాము, అనగా నేటి థాయిలాండు, దేశపు మీనము. వరిపొలములలోను, కాలువలలోను, మొక్కలు దట్టముగ పెరిగిన పల్లపు నీటిలోను వసించు ఈ జాతికి చార్లెస్ టేట్ రీగన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1910లో బెట్టా స్ప్లెండెన్స్ అని పేరిడెను. 2019లో థాయిలాండు ప్రభుత్వము దానిని తమ జాతీయ జలచరముగ ప్రకటించెను. దాని తలలో, మొప్పలకు పైభాగమున, ఒక చిన్న గది కలదు. అందు మడతలు మడతలుగ ముడుచుకొన్న పలుచని ఎముక రేకులమీద రక్తనాళములు దట్టముగ అల్లుకొని యుండును. చేప నీటిపైకి వచ్చి గుటక గాలి మ్రింగినంతనే, అందలి ప్రాణవాయువు ఆ గదినుండి నేరుగ రక్తమున చేరును. ఈ వింత ఏర్పాటు మన కోరమండల తీరమునకు పరదేశపు మాట కాదు. తరంగంబాడిలో డేనిష్ కంపెనీ కొలువున నుండిన డాల్డార్ఫ్ అను సైనికోద్యోగి, బెట్టాకు దూరపు చుట్టమగు అనాబస్ అను చేపను 1791లో చెరువుగట్టునందలి తాటిచెట్టు మ్రానుపై తాను పట్టుకొంటినని వ్రాయగా, ఆ లేఖ 1797లో లండనునందలి లినియన్ సొసైటీ సంపుటమున వెలువడెను. చేప తాడెక్కునా యెక్కదా యను తగవు అటుండనిండు. నీరు వీడియు గాలితో బ్రదుకగలదన్న మాట నిర్వివాదము. మన కొరమీను సంతలో తడిగోనె క్రింద గంటలకొలది ప్రాణములతో నుండుట ఇట్టి మఱియొక యేర్పాటువలననే.

అయితే గాలి మ్రింగు అవయవము ఊపిరిని నిలుపునే గాని, నీటిలో చేరిన విషమునుండి చేపను కాపాడజాలదు. అమ్మోనియా మొప్పలను దహించుచునే యుండును, తోక అంచులు చివుకుచునే యుండును, చేప మాత్రము చావక తిరుగుచుండును. చావదు గనుక నీరు బాగున్నదని మనము నమ్ముచుందుము. ఇట్టి మూగసహనము గల ప్రాణికి తోడుగ రొయ్యను ఉంచుడని నేను చెప్పుట అందముకొఱకు మాత్రమే కాదు. రొయ్యకు గాలి గది లేదు. నీటిలో కరగిన ఆక్సిజన్ తప్ప దానికి వేఱు దిక్కు లేదు. అమ్మోనియాను, రాగిని, ఆకస్మికమైన మార్పును అది బెట్టావలె భరింపజాలదు. రొయ్యలు కుశలముగ పాకులాడుచు, గ్రుడ్లు మోయుచు నున్న తొట్టిలో బెట్టాకు లోటుండదు. దీనికి విపర్యయము మాత్రము నిజము కాదు.

ఏ రొయ్య? గుంటలలోని టైగరుగాని, 2009 తరువాత మన తీరమును ఆక్రమించిన అమెరికా జాతి వెనామీగాని ఇందుకు పనికిరావు. అవి సముద్రపు సంతానము. వాటి పిల్ల నాప్లియస్, జోయియా, మైసిస్ అను దశలను ఉప్పునీటిలో గడిచి గాని రొయ్యరూపము ధరింపదు. స్కాంపి యని మన రైతులు పెంచిన మంచినీటి రొయ్యకు సైతము బాల్యదశలో కొంత ఉప్పు తప్పదు. పైగా పెరిగిన స్కాంపి పట్టుకారులవంటి చేతులతో బెట్టానే పట్టగలదు. తైవాను, చీనా దేశముల సెలయేళ్లకు చెందిన చెర్రీ రొయ్య ఇంచుమించు అంగుళము మాత్రమే. మంచినీటిలోనే సంతానము కనును. దాని గ్రుడ్డునుండి వెడలు పిల్ల మొదటి దినముననే తల్లికి ప్రతిరూపము. ఆ యెఱ్ఱని వన్నె ప్రకృతిసిద్ధము కాదు, తరతరములుగ ఏరి పెంచినవారి చేతిపని.

ఇక నీటి సంగతి. ఎకరము గుంటలో నాలుగడుగుల లోతున నిలిపిన నీరు దాదాపు 50 లక్షల లీటర్లు. 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల గాజుతొట్టిలో పట్టునది 40 లీటర్లు. గుంటలో వారము దినములకు వచ్చు మార్పు తొట్టిలో ఒక పూటలో వచ్చును గనుక, చిన్నది సులభమను లోకాభిప్రాయము తలక్రిందులైనది. చేప విసర్జించు అమ్మోనియా అంతయు ఒకే విధమున విషము కాదు. నీరు 30 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 వద్ద నున్నప్పుడు అందు విషరూపమున నుండునది నూటికి ఒక వంతుకన్న తక్కువ; అదే పీహెచ్ 8 అయినచో సుమారు 7 వంతులు. సాయంకాలమునకు పీహెచ్ ఎక్కునని గుంటగట్టున రైతు కంగారుపడుటలోని మర్మ మిదియే.

ఈ విషమును హరించువి కంటికి కానరాని బాక్టీరియములు. ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగను, మఱియొక తెగ నైట్రైటును అంతగా హానిచేయని నైట్రేటుగను మార్చును. రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున వీటిని వేఱుచేసి చూపెను. ఇసుకయందును, ఫిల్టరు స్పాంజియందును ఇవి స్థిరపడుటకు ఇంచుమించు నెల పట్టును. ఆ నెలయంతయు తొట్టిలో నీరు, మొక్కలు, చిటికెడు మేత తప్ప ప్రాణి యుండరాదు. దుకాణమున తొట్టితో పాటే చేపను కట్టియిచ్చు వాడుక నాకు ఎంతమాత్రము నచ్చదు. అమ్మోనియా, నైట్రైటు రెండును సున్నకు దిగినవని పరీక్షకిట్టు చూపిన పిమ్మట గాని ప్రాణులను తేరాదు. ముత్తుకూరున మత్స్యశాస్త్ర కళాశాల కలదు గనుక, అందు చదివిన కుఱ్ఱవాడెవడైన ఊరిలో నున్నచో ఈ పరీక్ష అరనిమిషములో నేర్పగలడు.

తీరగ్రామములలో అసలు చిక్కు నీరు ఎక్కడినుండి తెచ్చుట యన్నది. బోరునీరు పలుచోట్ల ఉప్పన. కుళాయినీటిలో క్లోరిన్ ఉండును. దానిని ఒక రాత్రి బక్కెటలో నిలువయుంచినను, దుకాణములో దొరకు థయోసల్ఫేటు చుక్కలు వేసినను పోవును. ఇంటింట దిగు 20 లీటర్ల క్యాను నీరు స్వచ్ఛమని తొట్టినిండ పోయువా రున్నారు. ఆ నీటిలో లవణములను వడగట్టి తీసివేసినందున సున్నపుధాతువు బహుస్వల్పము. రొయ్య కుబుసము విడిచిన పిమ్మట క్రొత్త పెంకు గట్టిపడుటకు కావలసిన కాల్షియము చాలవరకు నీటినుండియే రావలెను గనుక, అట్టి నీటిలో అది కుబుసము సగము విడిచి చచ్చును. తియ్యని బావినీటిని, క్యాను నీటిని కలిపి వాడుట మేలు. వేసవిలో ఆవిరైన నీటికి బదులు పోయునప్పుడు మాత్రము క్యాను నీరే తగినది. ఆవిరి వెడలునే గాని లవణములు తొట్టిలోనే మిగులును గదా.

ఉత్తరదేశపు పుస్తకములు చెప్పు హీటరు ఇక్కడ అక్కఱ లేదు. బెట్టాకు, రొయ్యకు రెంటికిని హితమైన వేడి 24 మొదలు 28 డిగ్రీలు. మన మే నెలలో గదిలోని నీరు దానిని సునాయాసముగ దాటును. 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టగలిగిన, 30 డిగ్రీల నీరు ఏడున్నరతో సరిపెట్టుకొనును. కావున కిటికీకి దూరముగ తొట్టి నుంచి, నీటిమట్టముపై చిన్న ఫంకా గాలి తగులనిచ్చి, స్పాంజి ఫిల్టరునుండి మెల్లని బుడగలు రానీయవలెను. ధాటియైన ప్రవాహము బెట్టాకు గిట్టదు. పొడుగు రెక్కలతో ఎదురీదలేక అలసిపోవును. అంతరతామర పైన తేలుచు నీడ నిచ్చును. అడుగున ఇసుక, నాచు, ఇంటిముందటి బాదముచెట్టునుండి రాలిన ఎండుటాకులు రెండు మూడు చాలును. ఆకుమీద పట్టు జిగట పొరను రొయ్యలు దినమెల్ల గీకి తినును, ఆకులోని టానిన్లు నీటిని తేనెరంగునకు తెచ్చును.

రొయ్యలగుంట దగ్గఱ నుండువారికి ఒక హెచ్చరిక. 1994 నుండి మన తీరమును కుంగదీసిన తెల్లమచ్చల వైరసు టైగరుతో ఆగునది కాదు. పీతలకు, మంచినీటి రొయ్యలకు గూడ సోకును. గుంటలో వాడిన వల, గుంటనీరు, పచ్చిరొయ్య ముక్క, ఇవేవియు తొట్టి దరి చేరరాదు. చేపలమందులలోను, పాచిమందులలోను రాగి యున్నదేమో చూడకుండ వేయరాదు. రొయ్య రక్తము ప్రాణవాయువును మోయునది రాగి గల పదార్థముతోనే యైనను, నీటిలోని రాగి అత్యల్పమాత్రమున దానికి మృత్యువు.

మొదట పది పన్నెండు రొయ్యలను విడిచి, అవి పిల్లలను పెట్టిన తరువాతనే ఒకే యొక బెట్టాను చేర్పవలెను. రెండు మగచేపలు కూడరాదు. తొట్టికి మూత యుండవలెను, లేనిచో చేప ఎగిరి నేలబడును. మేత దినమునకు మూడు నాలుగు గుళికలు. మిగిలినది కుళ్లి అమ్మోనియా యగును. వారమున కొకమాఱు ఐదవవంతు నీరు మార్చుట చాలును. రొయ్యపిల్లలను బెట్టా కొన్నింటిని తినుట ఖాయము. నాచు దట్టముగ నున్నచో మందకు లోటు రాదు. కాని చేపలలోను స్వభావభేద మున్నది: కొన్ని రొయ్యను చూచియు చూడనట్లుండును, కొన్ని పెద్దరొయ్యల మీసములను సైతము తెంపి మూలకు తఱుమును. అట్టి చేపకు ఎన్ని దాపులు కల్పించినను ప్రయోజనము లేదు. వేఱొక తొట్టి చూడవలసినదే.